అచ్చు ఒకటే, నీళ్లు వేరు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పెళ్లి శుభలేఖలు అచ్చయి ఇంటికి వచ్చిన రోజు ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కట్టలు విప్పి చాప మీద పరుస్తాం. గిన్నెలో పసుపు తడిపి, వేలి కొసతో ఒక్కో శుభలేఖకు నాలుగు మూలలా అద్దుతాం. ఐదు వందల శుభలేఖలు ఒకే యంత్రం మీద అచ్చయ్యాయి, అక్షరం తేడా లేదు. పసుపు మాత్రం ఏ రెండింటి మీదా ఒక్కలా ఉండదు. ఒకదాని మీద చిక్కగా, ఇంకొకదాని మీద పల్చగా, మరొకదాని మీద పిన్ని వేలిముద్రతో సహా పడుతుంది. నేను ఈ రోజు మాట్లాడబోయే పని అదే. రబ్బరు అచ్చుతో గీత వేసుకుని, అందులో నీటిరంగు నింపి, మనవాళ్లకు పంపే శుభాకాంక్షల కార్డును మనమే చేసుకోవడం.

దుకాణాల్లో అమ్మిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డు కూడా ఇలాగే తయారైంది. 1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చి ఉత్తరం చవకైపోయింది. ఆ మార్పు కోసం పనిచేసిన వాళ్లలో హెన్రీ కోల్ ఒకరు. 1843లో పండుగ దగ్గర పడేసరికి వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక ఆయనకు లేకపోయింది. చిత్రకారుడైన తన మిత్రుడు జాన్ కాల్‌కాట్ హార్స్లీ చేత ఒక బొమ్మ వేయించి, రాతి అచ్చు మీద సుమారు వెయ్యి కార్డులు తీయించారు. తనకు కావలసినవి ఉంచుకుని మిగిలినవి ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మించారు. అచ్చు ఇచ్చింది గీతను మాత్రమే. రంగులు మనుషులు కూర్చుని, కుంచె పట్టి, ఒక్కో కార్డుకూ విడివిడిగా వేశారు.

బొమ్మ గీయడం రాదని వెనక్కి తగ్గేవాళ్లకు ఈ పద్ధతి పెద్ద అండ. గీత సంగతి అచ్చు చూసుకుంటుంది. మన వంతు నీళ్లు, రంగు, ఓపిక.

ముందు కాగితం గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే నిరుత్సాహపడి మానేస్తారు. ప్రింటర్‌లో వాడే కాగితం 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది. అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు తూగుతుంది. దాని మీద తడి కుంచె పెడితే వేయించిన అప్పడంలా వంకర తిరుగుతుంది. నీటిరంగుకు 300 జీఎస్‌ఎం కాగితం కావాలి. మందం ఒక్కటే చాలదు. నీరు పీచులోకి వెంటనే ఇంకిపోకుండా కాగితానికి ఏదో ఒకటి పట్టించి ఉండాలి. మంచి నీటిరంగు కాగితాలకు జిలాటిన్ పట్టిస్తారు. అందువల్ల రంగు కాసేపు పైపైన నిలిచి, కుంచెతో అటూ ఇటూ నడపడానికి మనకు వ్యవధి ఇస్తుంది.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు శ్రీకాళహస్తి కలంకారీ గుర్తుకొచ్చింది. అక్కడ కలం పట్టడానికి ముందే గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన ఆ గుడ్డను తాకగానే నల్లటి గీతగా నిలుస్తుంది. మచిలీపట్నం పక్కన పెడనలో కలానికి బదులు టేకు చెక్క అచ్చులు వాడతారు. ఎక్కడైనా రంగు పాకకుండా ఆపడమే మొదటి విద్య. అద్దకం పనివాళ్లు తరతరాలుగా గుడ్డ మీద చేస్తున్నదాన్నే మనం అరచేతిలో పట్టే కాగితం మీద చేస్తున్నామని నేను గట్టిగా నమ్ముతాను.

కాగితం మరీ గరుకుగా ఉంటే అచ్చు గీత మధ్యమధ్య తెగుతుంది. మరీ నునుపుగా ఉంటే రంగు సమంగా పరుచుకోక మరకలు కడుతుంది. నేను కొద్దిపాటి గరుకు ఉన్నదే కొని, రెండు వైపులా వేళ్లతో తడిమి, నునుపుగా తగిలిన వైపు అచ్చు వేస్తాను.

ఇక సిరా. ఒక ఉగాదికి వేపపూత రెమ్మ అచ్చుతో ఇరవై కార్డులు చేయాలని కూర్చున్నాను. ఇంట్లో ఉన్న మామూలు ఆఫీసు స్టాంపు ప్యాడుతోనే, నల్ల సిరాతో, ఇరవై కార్డుల మీదా అచ్చు వేసి రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున లేత ఆకుపచ్చ కలిపి మొదటి ఆకు మీద కుంచె ఆనించగానే నలుపు కరిగి ఆకులోకి దిగింది. ఆకు బూడిద రంగుకు తిరిగింది, గీత చెదిరిపోయింది. ఇరవై కార్డులూ పక్కన పెట్టేయవలసి వచ్చింది. పండుగ ఇంకా రెండు రోజులే. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను. ఆ సిరా నీటితో చేసింది, ఆరినా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. దుకాణంలో వాటర్‌ప్రూఫ్ సిరా అని అడిగి తీసుకోండి. తెచ్చాక కూడా చిత్తు ముక్క మీద ఒక అచ్చు వేసి, పావుగంట ఆగి, తడి కుంచెతో రుద్ది చూడండి. డబ్బా మీది మాట కంటే ఆ ముక్క చెప్పే మాట నమ్మదగినది.

అయితే ఆ కరిగే గుణమే తర్వాత నాకు ఇష్టమైన పద్ధతి అయింది. నీలి సిరాతో తామరపువ్వు అచ్చు వేసి, ఏ రంగూ ముట్టుకోకుండా, ఒట్టి తడి కుంచెతో గీత లోపలి అంచును మెల్లగా తాకితే నీలం రేకులోకి జారి నీడలా పరుచుకుంటుంది. ఒకే సిరాతో పువ్వంతా పూర్తవుతుంది.

అచ్చు వేసేటప్పుడు దాన్ని ప్యాడుకేసి కొట్టకండి. అచ్చును వెల్లకిలా పట్టుకుని, దాని మీద ప్యాడుతో తేలికగా తట్టండి. అప్పుడు సిరా ఎక్కడ అందిందో కంటికి కనిపిస్తుంది. కాగితం మీద పెట్టాక నిటారుగా నొక్కండి, అటూ ఇటూ ఊపవద్దు.

రంగులోకి వద్దాం. మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మ జాతి చెట్ల బంకతో కలిపితే నీటిరంగు. ఇందులో తెలుపు అంటే కాగితమే. మల్లెపువ్వు తెల్లగా ఉండాలంటే పువ్వును వదిలేసి చుట్టూ రంగు వేయాలి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. మొదటి పూత ఆరకుండా రెండోది వేస్తే అంచులు కలిసిపోతాయి. సగం ఆరిన చోట నీటి చుక్క పడితే కాలీఫ్లవర్ అంచులాంటి మరక ఏర్పడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే వేళ్ల వెనుక వైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మే నెలలో విజయవాడలో కుంచె ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేలోపే రంగు ఆరిపోతుంది. శ్రావణ మాసపు ముసురులో అదే పూత కోసం గంటసేపు కూర్చోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన మెలకువ ఒకటుంది. సిరా అసలు వాడకుండా, కుంచెతో నేరుగా రబ్బరు మీదే రంగులు పూయండి. ఆకు దగ్గర పచ్చ, పువ్వు దగ్గర ఎరుపు, అవి కలిసేచోట కలవనివ్వండి. పూయడం ముగిసేసరికి మొదట వేసింది ఆరిపోతుంది. అప్పుడు అచ్చును నోటి దగ్గర పెట్టుకుని, అద్దం తుడిచే ముందు చేసినట్టు, ఒక్కసారి ఊపిరి వదలండి. ఊపిరిలోని తేమకు ఆరిన రంగు మళ్లీ మేల్కొంటుంది. వెంటనే నొక్కితే మెత్తటి అంచులతో బొమ్మ వస్తుంది. అలాంటిది ఇంకొకటి చేద్దామన్నా రాదు.

తెలుగు అక్షరాల సంగతి చెప్పకుండా ముగించలేను. అచ్చులు అమ్మేచోట ఆంగ్ల శుభాకాంక్షలు కావలసినన్ని దొరుకుతాయి. ‘శుభం’ కావాలంటే వెతుక్కోవాలి. అందుకే మనం చేసుకుందాం. కోర్టుల దగ్గర, రిజిస్ట్రారు కార్యాలయాల దగ్గర రబ్బరు స్టాంపులు చేసే చిన్న దుకాణాలు ఉంటాయి. మీ చేతిరాతతో నల్లగా రాసి ఇస్తే అచ్చు చేసి ఇస్తారు. మా అమ్మ పాత ఉత్తరంలోని ‘చిరంజీవి’ అన్న మాటను నేను అలా చేయించుకున్నాను. ఇప్పుడు పిల్లలకు పంపే ప్రతి కార్డు మీదా ఆ మాట ఆవిడ చేతిరాతలోనే ఉంటుంది.

ఇంట్లోనే చెక్కాలంటే పెద్ద రబ్బరు ముక్క చాలు. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో అక్షరం రాసి, రాసిన వైపును రబ్బరుకు ఆనించి గోరుతో రుద్దండి. అక్షరం తిరగబడి రబ్బరు మీదికి ఎక్కుతుంది, అచ్చు వేసినప్పుడు సరిగ్గా పడుతుంది. తలకట్టును మాత్రం కాస్త లావుగా ఉంచండి. సన్నగా చెక్కితే రెండు మూడు అచ్చులకే తెగిపోతుంది. ఒత్తులు ఉన్న మాటలు తర్వాతి రోజులకు దాచుకోండి.

తపాలా విషయం ఒక్కటి. ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే ఒక కార్డు. 300 జీఎస్‌ఎం అయితే అది తొమ్మిది గ్రాములు దాటి కాస్త తూగుతుంది. కవరుతో కలిపినా 20 గ్రాముల లోపే ఉంటుంది కాబట్టి మామూలు ఉత్తరం బరువులోనే వెళ్లిపోతుంది. పూసలు, లేసులు అంటిస్తే మాత్రం తపాలా కార్యాలయంలో తూకం వేయించండి. చిరునామా కూడా తడికి చెదరని సిరాతోనే రాయండి.

వెనుక బల్ల మీద కాగితాలు కోసి పెట్టాను. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని, అచ్చు వేయడానికి ముందు, అది ఎవరికి పంపుతారో వాళ్ల పేరు వెనుక వైపు పెన్సిల్‌తో రాసుకోండి. ఏ రంగు కలపాలో ఆ పేరు చూస్తే మీకే తోస్తుంది. ప్రతి ఇద్దరికీ రెండు గిన్నెల నీళ్లు ఉన్నాయి, ఒకటి కుంచె కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. చిన్నపిల్లలకు బెండకాయలు కోసి ఉంచాను. అడ్డంగా కోసిన ముక్కను రంగులో అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. పిల్లలు ముందు రండి.