తాతగారి జపాను బాకు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు విడివిడిగా చెప్పట్లేదు, క్షమించాలి, టైం తక్కువుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు అని టాపిక్ ఇచ్చారు, నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా, కానీ ముందు మా ఇంటి కత్తి సంగతి చెప్పాలి.

మా తాతగారు మద్రాస్ శాపర్స్‌లో, అంటే మిలిటరీలో వంతెనలు, దారులు వేసే దళంలో పనిచేశారు. 1945లో మలయాలో జపాన్ వాళ్ళు ఆయుధాలు అప్పగించాక ఒక బాకు తెచ్చుకున్నారు, ఆయన పోయాక మా నాన్నమ్మ దాంతో ముంజెలు కొట్టేది. మేం దాన్ని సమురాయ్ కత్తి అనేవాళ్ళం.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటివి ఉండొచ్చు, అందుకే చెప్తున్నా. పిడి దగ్గర అడ్డపట్టీకి తుపాకీ గొట్టం దూరే రింగ్ ఉంటే అది బయొనెట్, తుపాకీ చివర తగిలించే కత్తి, ఎక్కువగా 1897లో వచ్చిన టైప్ 30 రకమే, బ్లేడ్ 40 సెంటీమీటర్లుంటుంది, ఫ్యాక్టరీ సరుకు. రింగ్ లేకపోతే పిడి దగ్గర గాడి నుంచి మొన దాకా తిన్నగా కొలవండి. 30.3 సెంటీమీటర్లలోపు ఉంటే టాంటో, అంటే బాకు, అది దాటి 60.6 దాకా అయితే వకిజాషి, అంటే పొట్టి కత్తి. మాది 27 ఉంది.

ఒర మిలిటరీది కదా, కత్తి కూడా యుద్ధంలో చేసిందే అనుకోకండి. 1876లో సమురాయ్‌లు బయట కత్తి పెట్టుకోవడం నిషేధించారు, అప్పట్నుంచి ఇంట్లో దాచుకున్న పాత కత్తుల్ని తర్వాత ఆఫీసర్లు మిలిటరీ ఒరల్లో పెట్టుకుని యుద్ధానికి తీసుకెళ్ళారు. అసలు సంగతి పిడి లోపలికి దిగే తోకలో ఉంటుంది, నకగో అంటారు వాళ్ళు. పిడిలో చిన్న వెదురు చీల ఉంటుంది, అది జాగ్రత్తగా తోస్తే పిడి ఊడొస్తుంది. ఒక వైపు చేసినవాడి పేరు, కొన్నిటికి రెండో వైపు తేదీ. షోవా అంటే అప్పటి జపాన్ చక్రవర్తి పాలన పేరుతో లెక్కపెట్టే సంవత్సరాలు. షోవా 18 అని ఉంటే 1925 కలపండి, 1943. యుద్ధకాలం వాటికి చాలావాటికి చిన్న ముద్ర ఉంటుంది, గిఫు వైపు సెకి అనే ఊరిది లాంటివి. ముద్ర లేకుండా తోక నల్లగా, మెత్తగా తుప్పు పట్టి ఉంటే వందల ఏళ్ళదైనా కావచ్చు. ఆ తుప్పే దాని వయసండీ!

మాది తెలీదు. ఇంట్లో పెళ్ళికి గోడ మీద పెడదామని మా చిన్నాన్న ప్రేమతోనే సానకిచ్చాడు, ఆ సాన పట్టినాయన బ్లేడ్‌తో పాటు తోక కూడా వెండిలా మెరిసేదాకా మిషన్ మీద రుద్దేశాడు. నేను జపనీస్ చదివే ఒకాయనకి చూపిస్తే చాలాసేపు లైట్ కింద అటూ ఇటూ తిప్పి, చివర ఒక్క అక్షరం మిగిలింది సార్ అన్నాడు. సాకు, అంటే చేశాడు అని. ఎవరు చేశాడో ఆ పైన ఉండాల్సిన పేరు పోయింది, రెండో వైపు మొత్తం నున్నగా ఉంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

అమ్మా, అయ్యా, దయచేసి వినండి, తోకకి ఉప్పుకాగితం వద్దు, నిమ్మకాయ వద్దు, చింతపండు వద్దు, సానకి అసలే ఇవ్వొద్దు. తోకని అలాగే వదిలేసి ఫోటో తీయండి చాలు. బ్లేడ్‌కి మాత్రం మెత్తటి గుడ్డతో పల్చగా నూనె రాయండి.

రాసుకొచ్చిన పేజీలు తెరవనే లేదు, టైం అయిపోయింది అంటున్నారు. మా బాకు ఆ చివర బల్ల మీద పిడి తీసి పెట్టాను, భోజనాలకి వెళ్ళేముందు చూడండి, ఆ ఒక్క అక్షరం మీద మాత్రం వేలు పెట్టకండి.