టార్మాక్ ఎస్‌ఎల్ 8 కొనాలా, మడోన్ జెన్ 8 కొనాలా?

నమస్కారం. ఈ రోజు మన ముందు రెండు సైకిళ్లున్నాయి. ఎడమవైపు ఉన్నది స్పెషలైజ్డ్ కంపెనీ పైమోడల్, ఎస్-వర్క్స్ టార్మాక్ ఎస్‌ఎల్ 8. కుడివైపు ఉన్నది ట్రెక్ మడోన్ ఎస్‌ఎల్‌ఆర్, ఎనిమిదో తరం. టార్మాక్ 2023 ఆగస్టులో వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 14,000 డాలర్లు. మన లెక్కలో పది లక్షలు దాటిన సొమ్ము. మడోన్ పైమోడల్ కూడా దానికి దగ్గరలోనే ఉంటుంది. రెండింటికీ షిమానో డ్యూరా-ఏస్ గేర్లు గానీ, శ్రామ్ రెడ్ గేర్లు గానీ వస్తాయి. కాబట్టి గేర్ల గురించి ఈ వీడియోలో మాట్లాడను. అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ రెండింటిలో ఏది వేగంగా వెళుతుందన్న ప్రశ్న మనకు అక్కరలేదు. ఏది మీ ఒంటికి సరిపోతుంది, కొన్న రెండేళ్లకు ఏది మీ ఊళ్లో బాగు చేయించుకోగలరు, చూడాల్సింది ఈ రెండే. ఎందుకంటారా?

ఒకప్పుడు ఈ కంపెనీలు కొండలెక్కడానికి ఒక తేలికపాటి సైకిలు, చదునైన రోడ్డు మీద గాలిని చీల్చుకుంటూ పోవడానికి మరొక సైకిలు అమ్మేవి. స్పెషలైజ్డ్‌లో వెంజ్ ఉండేది, పక్కన టార్మాక్ ఉండేది. 2020లో టార్మాక్ ఎస్‌ఎల్ 7 వచ్చి వెంజ్‌ను ఇంటికి పంపించింది. ట్రెక్‌లో తేలికైనది ఎమోండా, గాలికి తగినది మడోన్. 2024 జూన్‌లో వాళ్లు కూడా రెండింటినీ కలిపేసి ఈ ఎనిమిదో తరం మడోన్ తెచ్చారు. పందేల సైకిలు 6.8 కిలోల కంటే తక్కువ బరువు ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం. బరువు ఆ గీత దగ్గరికి దిగాక ఇంకా తగ్గించి లాభం లేదు, కాబట్టి అందరూ అదే బరువులో గాలి సంగతి చూసుకుంటున్నారు. రెండు కంపెనీలూ వేర్వేరు దారుల్లో బయలుదేరి ఒకే కూడలికి చేరాయి.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఎస్-వర్క్స్ ఫ్రేము బరువు 56 సైజులో 685 గ్రాములని స్పెషలైజ్డ్ చెబుతుంది. మడోన్ ఎస్‌ఎల్‌ఆర్ ఫ్రేము 796 గ్రాములని ట్రెక్ చెబుతుంది. తేడా 111 గ్రాములు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే ఇది దాదాపు 0.14 శాతం. గంటసేపు ఎక్కే ఘాట్ రోడ్డులో ఈ తేడా వల్ల మిగిలేది అయిదు సెకన్లు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కేటప్పుడు అది లెక్కలోకే రాదు. గాలి సంగతికొస్తే, పాత ఎస్‌ఎల్ 7 కంటే 40 కిలోమీటర్లకు 16.6 సెకన్లు ఆదా అవుతాయని స్పెషలైజ్డ్ మాట. గంటకు 40 వేగంతో వెళ్లేవాళ్లకు అది అర శాతం కూడా కాదు. పందెంలో గెలిచేవాళ్లకు ఆ అర శాతం చాలా విలువైనది, కాదనను. పారిస్ ఒలింపిక్స్‌లో బెల్జియం రైడర్ రెమ్‌కో ఇవనపూల్ ఈఫిల్ టవర్ ముందు సైకిలు దిగి చేతులు చాచి నిలబడ్డ ఫొటో చూసే ఉంటారు. అది టార్మాకే. మాడ్స్ పెడర్సన్ ఉన్న లిడిల్-ట్రెక్ జట్టు తొక్కేది మడోన్. ఇద్దరూ గెలుస్తూనే ఉన్నారు.

దగ్గరగా చూద్దాం, కెమెరా ఇటు తిప్పుతున్నాను. టార్మాక్‌లో హ్యాండిల్ కింద ఉన్న గొట్టం చూడండి. ముక్కులా ముందుకు పొడుచుకొచ్చింది. గాలి మొదట తగిలేది ఇక్కడే కాబట్టి ఇక్కడ లోతు పెంచి, వెనకనున్న గొట్టాలను సన్నగా వదిలేశారు. బరువు తగ్గింది అలాగే. ఇక మడోన్. సీటు కింద, పై గొట్టం వచ్చి కలిసే చోట, ఫ్రేములోనే ఒక రంధ్రం. దీన్ని ఐసోఫ్లో అంటారు. నా నాలుగు వేళ్లూ ఇటునుంచి అటు దూరుతున్నాయి చూడండి. ఇది అలంకారం కాదు. సీటుకు దన్నుగా నిలిచే గొట్టం నేరుగా కిందికి దిగకుండా ఇక్కడ తెగిపోవడం వల్ల సీటు భాగం కొంచెం వంగుతుంది, గతుకు దెబ్బ తగ్గుతుంది. పాత మడోన్ కంటే ఇది 80 శాతం, ఎమోండా కంటే 24 శాతం ఎక్కువ మెత్తన అని ట్రెక్ అంటుంది. ఒక చిన్న హెచ్చరిక: వానలో తొక్కాక ఈ రంధ్రం లోపలి అంచుల్లో బురద పేరుకుంటుంది. గుడ్డ చుట్టి తుడవాలి.

మరి ఆ మెత్తదనం నిజంగా తెలుస్తుందా? తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది, అక్కడ మాత్రం తెలియదు. ఆ నున్నటి దారిలో రెండూ ఒకటే. చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు ఎక్కితే తెలుస్తుంది. ఊరు రాబోతుందనగా రోడ్డుకు అడ్డంగా వేసే ఆ వరస గీతలు, పలచటి స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి చూశారా, వాటి మీద సీటు నుంచి లేవకుండా వెళ్లాను. మడోన్‌లో నడుముకు చేరే దెబ్బ తక్కువ. కానీ చేతులకు చేరేది రెండింటిలోనూ దాదాపు సమానమే. ముందు భాగంలో ఐసోఫ్లో లేదు మరి.

అయితే ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఫ్రేము ఇచ్చే మెత్తదనం కంటే టైరు ఇచ్చే మెత్తదనం చాలా పెద్దది. రెండు సైకిళ్లలోనూ 32 మిల్లీమీటర్ల టైరు పడుతుంది. టార్మాక్‌తో వచ్చిన 26 టైర్లు తీసేసి 30 వేసి, 62 పీఎస్‌ఐ గాలి పెట్టి అదే రోడ్డు మీద మళ్లీ తొక్కితే, 28 టైర్ల మడోన్‌కూ దానికీ మధ్య ఉన్న తేడా దాదాపు కరిగిపోయింది. మెత్తగా ఉంటుందన్న ఒక్క కారణంతో మడోన్ కొనబోతుంటే కాసేపు ఆగండి. ఆ పని కొన్ని వేల రూపాయల టైర్లతో అయిపోతుంది.

టైర్ల మాట వచ్చింది కాబట్టి రిమ్ముల గురించి కూడా చెబుతాను. ఇది భద్రతకు సంబంధించిన విషయం, దయచేసి దాటవేయకండి. ఈ మడోన్‌కు వచ్చే బాంట్రేగర్ ఏయోలస్ ఆర్‌ఎస్‌ఎల్ 51 చక్రాలు హుక్‌లెస్ రకం. అంటే రిమ్ము అంచున టైరును లోపలికి పట్టి ఉంచే కొక్కెం ఉండదు. వీటికి హుక్‌లెస్‌కు పనికొస్తుందని టైరు కంపెనీ స్పష్టంగా చెప్పిన ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. గాలి 5 బార్ దాటకూడదు, అంటే సుమారు 72 పీఎస్‌ఐ. మన దగ్గర చాలామంది ఇప్పటికీ అలవాటుగా 100 దాకా కొట్టిస్తారు. ఈ రిమ్ము మీద అలా చేస్తే టైరు ఊడివచ్చే ప్రమాదం ఉంది. టార్మాక్‌కు వచ్చే రోవల్ రాపిడ్ సీఎల్‌ఎక్స్ 2 రిమ్ములకు కొక్కెం ఉంది. టైరు విషయంలో మీకు దొరికే ఎంపిక ఎక్కువ. కర్నూలులోనో ఖమ్మంలోనో ఉండి, టైరు తెగినప్పుడు దొరికిన దానితో ఇంటికి చేరాల్సిన మనిషికి ఇది పెద్ద ఊరట. నా దృష్టిలో టార్మాక్‌కు పడే బలమైన ఓటు ఇదే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, కొలతలు. టార్మాక్ ఏడు సైజుల్లో వస్తుంది, 44 నుంచి 61 దాకా. మడోన్‌ను ట్రెక్ ఎనిమిది సైజుల నుంచి ఆరుకు తగ్గించింది. ఎక్స్‌ఎస్, ఎస్, ఎం, ఎంఎల్, ఎల్, ఎక్స్‌ఎల్. సైజు పేరు చూసి కొనకండి. రెండు అంకెలు చూడండి. ఒకటి స్టాక్: పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైభాగం దాకా ఎత్తు. రెండోది రీచ్: అదే ఇరుసు నుంచి ముందుకు ఆ గొట్టం దాకా ఉన్న దూరం. టార్మాక్ 54లో స్టాక్ 544, రీచ్ 384 మిల్లీమీటర్లు. 56లో 565, 395. మీకు పడే మడోన్ సైజుకు ఇవే రెండు అంకెలు ట్రెక్ పట్టికలో ఉంటాయి. పక్కపక్కన రాసుకుని, మీరు ఇప్పుడు హాయిగా తొక్కుతున్న సైకిలు కొలతలతో పోల్చండి. రెండు సైజుల మధ్య ఇరుక్కునే వాళ్లకు మడోన్‌లో ఇబ్బంది రావచ్చు.

హ్యాండిల్ విషయంలో మరీ జాగ్రత్త. ఈ పైమోడళ్లలో హ్యాండిల్, దాన్ని ఫ్రేముకు కలిపే స్టెమ్ రెండూ ఒకే కార్బన్ ముక్క. చూడ్డానికి అందంగా ఉంటుంది, గాలికీ మంచిదే. కానీ తొక్కడం మొదలుపెట్టాక మెడ లాగుతోందని ఒక సెంటీమీటరు దగ్గరికి తెచ్చుకోవాలంటే మొత్తం ముక్క మార్చాలి. పదుల వేల రూపాయల పని. మడోన్ హ్యాండిల్ పైన ఇరుకుగా మొదలై, కిందికి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది. వెడల్పు భుజాలున్న వాళ్లు ముందు దాన్ని పట్టుకుని చూడాలి. అందుకే డబ్బు కట్టే ముందే బైక్ ఫిట్, అంటే మీ ఒంటికి తగ్గ సైకిలు కొలతలు తీయించుకోండి, ఆ కొలతల ప్రకారమే హ్యాండిల్ వేయించి ఇమ్మని దుకాణంలో అడగండి.

బాగుచేత గురించి. రెండింటిలోనూ బ్రేకు గొట్టాలు హ్యాండిల్ నుంచి లోపలికి దూరి, పై బేరింగు మధ్యలోంచి ఫ్రేములోకి దిగుతాయి. ఎండాకాలంలో మన చెమట ధారగా కారేది సరిగ్గా ఆ బేరింగు మీదికే. విశాఖలో ఉప్పుగాలి దానికి తోడు. తుప్పు పడితే బేరింగు మార్చడానికి బ్రేకు గొట్టాలు విప్పి, మళ్లీ ఆయిల్ నింపాల్సి రావచ్చు. తొక్కి వచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో అక్కడ తుడిస్తే చాలా కాలం గడుస్తుంది. పెడల్ ఇరుసు దగ్గర మాత్రం రెండు కంపెనీలూ మంచి పని చేశాయి. టార్మాక్‌లో బీఎస్‌ఏ అనే రకం బేరింగు, మడోన్‌లో టీ47 అనే రకం, రెండూ మరలతో బిగించేవే. కిర్రుమనే గొడవ బాగా తగ్గింది.

మడోన్ గాలి లెక్కల్లో దానితో వచ్చే ప్రత్యేకమైన సీసాలు కూడా భాగం. వాటిని పెట్టినప్పుడే ఫ్రేము పాత మడోన్‌తో సమానమైన వేగం ఇస్తుందని ట్రెక్ చెబుతుంది. ఏప్రిల్ ఎండలో మీకు కావలసింది పెద్ద సీసా. నేనైతే మామూలు సీసాలే పెట్టుకుంటాను, ఆ కొద్దిపాటి వేగం పోయినా సరే.

అయితే ఏది కొనాలి? రెండూ మీ కొలతకు వస్తే నా ఎంపిక టార్మాక్. రిమ్ముకు కొక్కెం ఉంది, సైజులు ఎక్కువ, 30 టైరు వేస్తే మన రోడ్లకు చక్కగా సరిపోతుంది. నడుము నొప్పి పాతదై, రోజంతా సీటు మీదే కూర్చుని దూరాలు తొక్కేవాళ్లు, మడోన్ హ్యాండిల్ చేతికి నప్పినవాళ్లు నిస్సంకోచంగా మడోన్ తీసుకోవచ్చు.

నిజానికి మీలో చాలామందికి నేను చెప్పేది ఒక మెట్టు కింది మోడల్. టార్మాక్ ఎస్‌ఎల్ 8 ఎక్స్‌పర్ట్ ఫ్రేము ఆకారం ఇదే, బరువు 780 గ్రాములు. ఎస్-వర్క్స్ కంటే 95 గ్రాములు ఎక్కువ, అంతే. హ్యాండిల్, స్టెమ్ విడివిడిగా వస్తాయి కాబట్టి కొలత మార్చుకోవడం సులువు. మడోన్ ఎస్‌ఎల్‌లో కూడా ఇలా హ్యాండిల్, స్టెమ్ విడివిడిగా వచ్చే మోడళ్లు ఉన్నాయి. మిగిలిన డబ్బుతో మంచి చక్రాలు విడిగా కొనుక్కోవచ్చు.

అమెరికాలో ఉన్న మన వాళ్ల చేత తెప్పించుకోవాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఫ్రేముకు జీవితకాల వారంటీ మొదటి యజమానికే. బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లదే ఆ హక్కు. పగులు వస్తే ఇక్కడి దుకాణం తీసుకుంటుందా లేదా అన్నది పెట్టె విమానం ఎక్కకముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.