బ్యాంకు ఎవరి చేతిలో? తొలినాటి అమెరికా పార్టీల పోరుపై చర్చ

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. అమెరికాలో ఉన్న మన పిల్లలు రోజూ చేతులు మార్చే నోట్లలో పది డాలర్ల దాని మీద హామిల్టన్, ఇరవై డాలర్ల దాని మీద జాక్సన్ ఉంటారు. మొదటాయన జాతీయ బ్యాంకు పెట్టించాడు, రెండో ఆయన జాతీయ బ్యాంకును మూయించాడు. ఈ గొడవ ఎక్కడ మొదలైంది మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: 1790 డిసెంబరులో. అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న హామిల్టన్ కాంగ్రెస్‌కి నివేదిక ఇచ్చాడు. కోటి డాలర్ల మూలధనంతో బ్యాంకు, అందులో ప్రభుత్వ వాటా 20 లక్షలు, మిగతాది ప్రైవేటు వాటాదారులది. ప్రతినిధుల సభలో 39–20తో గెలిచింది. వ్యతిరేకించిన ఆ 20 మందిలో దాదాపు అందరూ దక్షిణాదివారే. రాజ్యాంగంలో బ్యాంకు అన్న మాటే లేదు కదా, మీకు ఆ అధికారం ఎక్కడిదని ఆ సభలో సభ్యుడైన మాడిసన్ నిలదీశాడు. విదేశాంగ మంత్రి జెఫర్సన్ కూడా అదే మాట రాసిచ్చాడు. అధ్యక్షుడు వాషింగ్టన్ ఆ అభ్యంతరాలను హామిల్టన్‌కే పంపి జవాబు రాయించుకుని, 1791 ఫిబ్రవరి 25న సంతకం పెట్టాడు. గడువు ఇరవై ఏళ్ళు.

రాజకీయ విశ్లేషకుడు: రాజ్యాంగం సంగతి సరే. ఆ వేసవిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. 25 డాలర్లు కట్టి తీసుకున్న షేరు కాగితం ఆగస్టుకల్లా 300 దాటింది, వెంటనే పడిపోయింది. ఆ కాగితాలు కొన్నవారిలో కాంగ్రెస్ సభ్యులూ ఉన్నారు. చట్టం చేసిన చేతులే లాభం లెక్కపెట్టుకున్నాయని జెఫర్సన్ వర్గానికి ఒళ్ళు మండింది. హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్ వైపు రిపబ్లికన్లు అని రెండు పార్టీలు గట్టిపడటానికి ఆ మంట చాలా సాయపడింది. ఇప్పటి రిపబ్లికన్ పార్టీ వేరు, కలపకండి.

సమన్వయకర్త: బ్యాంకులో పనిచేసిన వారిగా మీరేమంటారు సార్?

విశ్రాంత బ్యాంకర్: నేను రాజ్యాంగం జోలికి పోను. అప్పట్లో అప్పు ఎలా ఇచ్చేవారో చూడండి. వర్తకుడు రెండు నెలల గడువు హుండీ తెస్తాడు. డైరెక్టర్లు కూర్చుని పేరు చదువుతారు, మనిషి తెలిసినవాడైతే డిస్కౌంట్ చేస్తారు, అంటే వడ్డీ ముందే కోసుకుని సొమ్మిస్తారు, లేకపోతే లేదు. కారణం చెప్పరు, అప్పీలు ఉండదు. 1799 నాటికి న్యూయార్క్ నగరంలో రెండే బ్యాంకులు. ఒకటి హామిల్టన్ పూనికతో పుట్టిన బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్, రెండోది జాతీయ బ్యాంకు శాఖ. రెండూ ఫెడరలిస్టుల చేతిలోనే. మాకు అప్పు పుట్టదని రిపబ్లికన్ వర్తకుల ఫిర్యాదు.

సమన్వయకర్త: అందుకే రిపబ్లికన్ నాయకుడు ఆరన్ బర్ నీళ్ళ కంపెనీ పెట్టాడా?

విశ్లేషకుడు: ఆ కథ నన్ను చెప్పనివ్వండి, నాకిష్టమైన కథ! 1798లో న్యూయార్క్‌లో పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) వచ్చి సుమారు రెండు వేల మంది పోయారు. మంచినీళ్ళు కావాలని ఊరంతా గోల. రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడిగా ఉన్న బర్, నీళ్ళ సరఫరాకి ప్రైవేటు కంపెనీ పెడదామని ముందుకొచ్చాడు. చిత్రమేమంటే హామిల్టన్ కూడా దానికి వత్తాసు పలికాడు. 20 లక్షల డాలర్ల మూలధనం. సమావేశాల చివర్లో, అందరూ ఇళ్ళకి పోయే తొందరలో ఉన్నప్పుడు, బిల్లులో ఒక వాక్యం చేరింది. నీళ్ళ పనికి పోగా మిగిలిన సొమ్మును షేర్లు కొనడానికో, చట్టానికి విరుద్ధం కాని మరే ద్రవ్య వ్యవహారానికో వాడుకోవచ్చు. అంతే. 1799 సెప్టెంబరుకల్లా ఆ కంపెనీ, పేరు మన్‌హట్టన్ కంపెనీ, వాల్ స్ట్రీట్‌లో బ్యాంకు తెరిచింది. నీళ్ళంటారా? బ్రాంక్స్ నది నుంచి తెస్తారనుకుంటే ఊళ్ళో బావి నీళ్ళే, దేవదారు దుంగలు తొలిచిన గొట్టాల్లో.

అధ్యాపకురాలు: ఓటర్లు ఊరుకోలేదు లెండి. ఆ బ్యాంకు తెరవకముందే, 1799 ఏప్రిల్ ఎన్నికల్లో బర్ వర్గాన్ని ఓడించారు.

విశ్లేషకుడు: మరుసటి ఏడాది అదే నగరం రిపబ్లికన్లకు పట్టం కట్టింది, అధ్యక్ష ఎన్నికే తారుమారైంది. కేవలం బ్యాంకు వల్ల అని నేననను. కానీ అప్పిచ్చే కౌంటరు ఇప్పుడు వాళ్ళకీ ఒకటుంది. నా వాదన అంతా ఇదే. బ్యాంకు ఉండాలా వద్దా అని కాదు ఆ పార్టీలు కొట్టుకున్నది, ఎవరి మనుషుల చేతిలో ఉండాలని.

అధ్యాపకురాలు: నేను ఒప్పుకోను.

విశ్లేషకుడు: మీ మాడిసన్‌నే తీసుకోండి మేడమ్. 1791లో రాజ్యాంగ విరుద్ధం అన్నాడు. 1816లో అధ్యక్షుడిగా, 3.5 కోట్ల డాలర్లతో రెండో బ్యాంకుకి తానే సంతకం పెట్టాడు. హెన్రీ క్లే మరీ ఘోరం. 1811లో పాత బ్యాంకు గడువు పెంచొద్దని సెనేట్‌లో ఉపన్యాసం దంచాడు, 1832లో అదే తరహా బ్యాంకు కోసం అధ్యక్ష ఎన్నికల్లో జాక్సన్ మీద నిలబడ్డాడు.

అధ్యాపకురాలు: మధ్యలో ఏం జరిగిందో మింగేస్తే ఎలా సార్? 1811లో సెనేట్‌లో 17–17 వచ్చింది, ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ వ్యతిరేకంగా ఓటేసి బ్యాంకును మూయించాడు. మరుసటి ఏడాదే బ్రిటన్‌తో యుద్ధం. అప్పు తెచ్చుకుందామంటే జాతీయ బ్యాంకు లేదు. రాష్ట్రాల్లో ఎవరికి వారు నోట్లు అచ్చేశారు. 1814లో బ్రిటిషువాళ్ళు వాషింగ్టన్ నగరాన్ని తగలబెట్టాక, న్యూ ఇంగ్లండ్ తప్ప దాదాపు అన్నిచోట్లా బ్యాంకులు నోటుకి వెండీ బంగారం ఇవ్వడం మానేశాయి. అది కళ్ళారా చూసినవాడు మనసు మార్చుకుంటే అవకాశవాదం అంటారా? మాడిసన్ విషయంలో నేననను. క్లే సంగతి మీకే వదిలేస్తున్నా.

సమన్వయకర్త: ఇక ఆ రెండో బ్యాంకును మూయించిన అధ్యక్షుడు జాక్సన్‌కి వద్దాం. ఆయనకి బ్యాంకులంటే అంత కోపం ఎందుకు?

అధ్యాపకురాలు: సొంత దెబ్బ ఉంది. 1795లో ఫిలడెల్ఫియాలో భూములమ్మి ప్రామిసరీ నోట్లు పుచ్చుకున్నాడు. అవి రాసిచ్చినవాడు దివాలా తీస్తే అప్పు ఈయన మెడకి చుట్టుకుంది. కాగితం మీద నమ్మకం అక్కడే పోయింది.

విశ్రాంత బ్యాంకర్: బ్యాంకు వైపు నుంచీ ఒక మాట. ఆ రెండో బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్ పనిమంతుడు. రాష్ట్ర బ్యాంకుల నోట్లు పన్నుల రూపంలో వచ్చిపడేవి. వాటిని మూటగట్టి ఆ బ్యాంకు దగ్గరికే పంపి, వెండి బంగారం ఇవ్వమనేవాడు. ఇష్టమొచ్చినట్టు నోట్లు అచ్చేసేవాడికి అదే కళ్ళెం. సహజంగానే రాష్ట్ర బ్యాంకులవాళ్ళకి బిడిల్ అంటే పడదు. వాళ్ళలో చాలామంది జాక్సన్ వెనక చేరారు.

విశ్లేషకుడు: పనిమంతుడే, కానీ రాజకీయం తెలియదు. గడువు 1836 దాకా ఉంది. క్లే మాట విని 1832 ఎన్నికల ఏడాదిలోనే పొడిగింపు అడిగాడు. కాంగ్రెస్ ఒప్పుకుంది, జాక్సన్ జులై 10న వీటో చేశాడు. ధనవంతులూ పలుకుబడి ఉన్నవాళ్ళూ ప్రభుత్వాన్ని తమ స్వార్థానికి వాడుకుంటున్నారని సందేశంలో రాశాడు. ఇది చదివితే జనం జాక్సన్‌ని ఛీ కొడతారనుకుని, బిడిల్ ఆ సందేశాన్ని తన డబ్బుతో అచ్చువేయించి పంచిపెట్టాడు! ఫలితం? జాక్సన్‌కి 219 ఎలక్టోరల్ ఓట్లు, క్లేకి 49. ఇంతకన్నా చవగ్గా ప్రత్యర్థికి ప్రచారం ఎవరు చేసిపెడతారు?

సమన్వయకర్త: సెనేటర్లకు బ్యాంకు డబ్బిచ్చిందన్న ఆరోపణ నిజమేనా?

అధ్యాపకురాలు: ఆరోపణ కాదు, ఉత్తరమే ఉంది. 1833 డిసెంబరులో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ బిడిల్‌కి రాశాడు. నా రిటైనర్ (వకీలు ఫీజు) ఎప్పటిలా ఈసారి అందలేదు, సంబంధం కొనసాగాలనుకుంటే పంపించండి అని. బ్యాంకు గొడవ మీద సెనేట్‌లో చర్చ నడుస్తున్న రోజుల్లో, ఆ బ్యాంకు వకీలే అక్కడ కూర్చుని ఉన్నాడు.

విశ్లేషకుడు: చూశారా!

అధ్యాపకురాలు: చూశాను. రెండో వైపు కూడా చూడండి. ప్రభుత్వ డిపాజిట్లు బిడిల్ దగ్గర నుంచి తీసేయమని జాక్సన్ చెబితే ఆర్థిక మంత్రి డ్వేన్ ఒప్పుకోలేదు. ఆయన్ని పీకేసి టేనీని కూర్చోబెట్టారు. సొమ్ము మొదట ఏడు రాష్ట్ర బ్యాంకులకు పోయింది, జనం వాటిని 'పెంపుడు బ్యాంకులు' అన్నారు. అందులో బాల్టిమోర్‌లోని యూనియన్ బ్యాంక్ ఒకటి. దాంట్లో టేనీకి షేర్లున్నాయి. న్యూయార్క్ నుంచి ఎంచుకున్న మూడింట్లో ఒకటి ఏదనుకున్నారు? ఇందాకటి మన్‌హట్టన్ కంపెనీ.

విశ్రాంత బ్యాంకర్: బిడిల్ కూడా తక్కువ తినలేదండీ. డిపాజిట్లు పోయాయని ఆ శీతాకాలంలో అప్పులు బిగించాడు. వర్తకులు లబోదిబోమంటూ జాక్సన్ దగ్గరికి వెళితే, బిడిల్‌నే అడగండి పొమ్మన్నాడు. అవసరానికి మించి బిగించాడని నా అభిప్రాయం. బ్యాంకరు కక్షకి పోతే అంతటితో వాడు బ్యాంకరు కాదు.

సమన్వయకర్త: జాక్సన్ వ్యతిరేకులు 1834లో విగ్ పార్టీ పేరుతో ఒక్కటయ్యారు. 1837లో మాంద్యం వచ్చి కొత్త అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ నెత్తిన పడింది. జాతీయ గడువు తీరాక పెన్సిల్వేనియా రాష్ట్ర చార్టరుతో (అనుమతి పత్రంతో) నడిచిన బిడిల్ బ్యాంకు 1841లో మూతపడింది. సమయం తక్కువగా ఉంది. ఇంతకీ ఎవరి మనుషులకి బ్యాంకు అన్న గొడవ తీరిందా?

అధ్యాపకురాలు: న్యూయార్క్ ఒక దారి వెతికింది. అప్పటిదాకా ప్రతి బ్యాంకుకీ అసెంబ్లీ విడిగా చార్టరు ఇవ్వాలి, అది పాలక పార్టీ చేతి ప్రసాదం. 1838 చట్టంతో, షరతులు పాటించి పూచీకత్తు బాండ్లు పెడితే ఎవరైనా బ్యాంకు తెరవొచ్చన్నారు.

విశ్రాంత బ్యాంకర్: మిషిగన్ అంతకు ముందే, 1837లోనే అలా తెరిచింది మేడమ్, ఏమైందో తెలుసుగా. తనిఖీ అధికారులు వస్తున్నారంటే వెండి నాణేల పెట్టెల్ని ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి వాళ్ళకంటే ముందే బండి మీద తోలేవారు. అవే నాణేలు, నాలుగు ఊళ్ళలో లెక్క. కొన్ని పెట్టెల్లో పైపొర మాత్రమే వెండి, కింద మేకులు.

విశ్లేషకుడు: అవి ఏ పార్టీవాళ్ళ మేకులు సార్?

విశ్రాంత బ్యాంకర్: అది అడిగితే ఇంకో గంట కావాలి.