వయసు తేలేసరికి 28 ఏళ్లు

శ్రోతలకు నమస్కారం. 1994 ఆగస్టులో పుణే నగరంలో ఒకే ఇంట్లో అయిదుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. ఆ స్త్రీలలో ఒకరు గర్భవతి. ఆ కుటుంబానికి జరిగిన అన్యాయాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నా నోట రాదు. ఆ కేసులో 1998లో ఉరిశిక్ష పడినవారిలో రాజస్థాన్‌లోని బికనేర్ ప్రాంతం నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడు. 2000లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. నేరం నాటికి బాలుడని తేలినవారి వివరాలు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది కనుక అతని పేరు చెప్పడం లేదు.

కేసు కాగితాల్లో అతని వయసు ఇరవై దాటినట్టు ఉంది. విచారణ సాగినంతకాలం ఆ అంకె అలాగే నిలిచిపోయింది. ఊరి బడి రిజిస్టరులో మాత్రం పుట్టిన తేదీ 1982 ఫిబ్రవరి 1 అని ఉంది. అంటే నేరం నాటికి అతనికి పన్నెండున్నర ఏళ్లు. రిజిస్టరులోని పేరూ, కేసులోని పేరూ ఒకటి కాకపోవడంతో ఆ ఇద్దరూ ఒక్కరేనా అన్న సందేహం వచ్చింది. చివరికి 2019లో సుప్రీంకోర్టు పుణే జిల్లా జడ్జిని విచారించమని ఆదేశించింది, 2023 మార్చి 27న అతణ్ణి విడుదల చేసింది. ఆ వయసు బాలుణ్ణి గరిష్ఠంగా మూడేళ్లు మాత్రమే నిర్బంధంలో ఉంచగల చట్టం మనది. అతను 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

మన పల్లెల్లోనూ బడిలో చేర్చుకునే రోజున మాస్టారు అంచనాగా వేసిన తేదీయే చాలామందికి పుట్టినరోజు అయింది. అయినా వయసు నిర్ధారణకు చట్టం మొదట చూడమన్నది బడి ధ్రువపత్రాన్నే. అది లేకపోతే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రాన్ని. ఏదీ దొరకనప్పుడే ఎముకల పరీక్ష. ఆ రిజిస్టరు తెప్పించవలసిన బాధ్యత ఎవరిది? ఇల్లు వదిలి పరాయి రాష్ట్రానికి పనికోసం వచ్చిన, చేతిలో డబ్బూ వెనక మనిషీ లేని పిల్లవాడిది మాత్రం కాదని నా దృఢమైన అభిప్రాయం.

2025 జనవరిలో ఇలాంటిదే మరో కేసు: ఉత్తరాఖండ్‌లో ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారిన వ్యక్తి, నేరం నాటికి 14 ఏళ్లవాడని సుప్రీంకోర్టు గుర్తించి విడుదల చేసింది. నేరం నాటికి తాను బాలుణ్ణన్న అభ్యర్థనను ఏ కోర్టులోనైనా, తుది తీర్పు తరువాత అయినా వినిపించుకోవచ్చునని చట్టం అనుమతిస్తోంది. పాతికేళ్లు గడిచాక కాకుండా, మొదటి రిమాండు రోజునే మేజిస్ట్రేటు బడి పత్రం అడగాలని, ఉచిత న్యాయ సహాయానికి నియమితుడైన వకీలు దాన్ని తెప్పించి తీరాలని మనం కోరాలి.