అర్జినిన్ పౌడర్ కొనే ముందు సీటు మీద టవల్ చూడండి

పోయిన వీడియోలో నైట్రిక్ ఆక్సైడ్ గురించి చెప్తే కింద సగం కామెంట్లు "అన్నా అది లాఫింగ్ గ్యాసే కదా" అని. కాదు బాబూ, అది నైట్రస్, ఇది నైట్రిక్. సరే అది వదిలేద్దాం. మిగతా సగం "అయితే అర్జినిన్ పౌడర్ తాగితే చాలు కదన్నా" అంట. (అర్జినిన్ అంటే ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం, మన ఒళ్లు నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసేది దాన్నుంచే.) నాకు ఒళ్లు మండేది దీనికే.

రక్తనాళాల్ని వదులు చేసేది నైట్రిక్ ఆక్సైడేనని, 1998 నోబెల్ దీనికే వచ్చిందని మీకు తెలుసు, అక్కడికి వెళ్లను. అర్జినిన్ నుంచి దీన్ని తయారుచేసే ఎంజైమ్ ఉంది చూడండి, దాన్ని సంక్రాంతికి ఊరెళ్లే పల్లెవెలుగు బస్సులో సీటు అనుకోండి. అర్జినిన్ ప్యాసింజర్. కూర్చుంటే టికెట్ తెగుతుంది, ఆ టికెట్టే నైట్రిక్ ఆక్సైడ్. ఇంతలో ఎవడో కిటికీలోంచి టవల్ విసిరాడు. మనిషి లేడు, టికెట్ లేదు, సీటు మాత్రం పోయింది!

ఆ టవల్ పేరు ఏడీఎంఏ, అంటే అసిమెట్రిక్ డైమిథైల్ అర్జినిన్. అచ్చం అర్జినిన్ లాగే ఉంటుంది, రెండు మిథైల్ గ్రూపులు ఎక్కువ, అంతే. అందుకే సీట్లో సరిగ్గా పడుతుంది. బయట నుంచి వచ్చిన విషమేం కాదండీ, మన ప్రొటీన్లు పాతబడి విరిగినప్పుడు ఊడిపడేదే, రోజుకి సుమారు 300 మైక్రోమోల్స్, మీలో నాలో అందరిలో.

మరి బస్సంతా టవళ్లతో నిండిపోదా అంటే, కండక్టర్ ఉన్నాడు, డీడీఏహెచ్ అనే ఎంజైమ్, 80 శాతం పైన వాడే తీసి పారేస్తాడు, మిగతాది కిడ్నీలు ఊడ్చేస్తాయి. ఊడ్చేవాళ్లు మానేస్తే? 1992లో పాట్రిక్ వాలెన్స్ టీమ్ లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో రాసింది అదే, కిడ్నీలు ఫెయిలైన వాళ్ల రక్తంలో ఏడీఎంఏ పేరుకుపోతోందని. (కోవిడ్ టైమ్‌లో బ్రిటన్ టీవీల్లో కనిపించిన సైంటిఫిక్ అడ్వైజర్ ఈయనే.)

ఇప్పుడు పౌడర్ సంగతి. మామూలు మనిషి రక్తంలో ఒక్కో టవల్‌కి వందమంది దాకా ప్యాసింజర్లు ఆల్రెడీ నిలబడే ఉన్నారు. ఇంకో వందమందిని ఎక్కిస్తే ఏం ఒరుగుతుంది, సీట్లు అన్నే కదా! టవళ్లు మరీ ఎక్కువైన వాళ్లలో తోసుకుని కూర్చోవచ్చు, లాజిక్ కరెక్టే, కానీ లాజిక్ వేరు మనిషి వేరు. 2006లో అమెరికాలో హార్ట్ ఎటాక్ వచ్చిన 153 మందితో చేసిన ట్రయల్ రిజల్ట్ వచ్చింది, రక్తనాళాలకి ఒరిగిందేం లేదు, పైగా అర్జినిన్ తీసుకున్నవాళ్లలో 6 గురు చనిపోయారు, రెండో గ్రూపులో ఒక్కరూ లేరు, మధ్యలోనే ఆపేశారు. గుండె జబ్బున్న మీ నాన్నగారికి జిమ్ డబ్బా కలిపివ్వకండి ప్లీజ్.

టైమ్ అయిపోతోంది, ఒక్క ముక్క. ఏడీఎంఏకి తమ్ముడున్నాడు, ఎస్‌డీఎంఏ, అంటే సిమెట్రిక్ డైమిథైల్ అర్జినిన్, వాడు సీట్లో పడడు, ఫుట్‌బోర్డ్ దగ్గర, అంటే అర్జినిన్ కణంలోకి ఎక్కే దారిలో, అడ్డంగా ఉంటాడంతే. వాణ్ణి ఊడ్చేది దాదాపు కిడ్నీలే, అందుకే మీ పిల్లికో కుక్కకో కిడ్నీ టెస్ట్ రాస్తే రిపోర్ట్‌లో ఆ పేరు కనిపిస్తుంది చూడండి.