ముక్కు దగ్గర పట్టీ లేస్తుందా? తప్పు గమ్‌ది కాదు

[క్లోజప్: కిట్ ఓడ ముక్కు. పట్టీ కింది అంచు బల్క్‌హెడ్‌కు (ఓడ పొట్టకు ఆకారమిచ్చే అడ్డ పలకకు) అతుక్కుంది, పై అంచు గోరు దూరేంత లేచింది.]

ఇది చూడుండ్రి, ఓడ పొట్ట మీద అతికించే చెక్క పట్టీ. కింది అంచు అతుక్కుంది, పై అంచు లేచింది. చెక్క ఓడ కిట్ కట్టేటోళ్లల్ల నూటికి తొంభై మందికి ఇక్కడే బొక్క పడతది. దీనికి అందరు చెప్పే వైద్యం ఏంది? "ఇంకో గంట నానబెట్టు. ఫెవిక్విక్ ఇంక రెండు చుక్కలు పొయ్యి. క్లిప్పు గట్టిగ పెట్టు."

ఈ మాట వింటె ఒళ్లు మండుతది. రోగం ఒకటి, మందు ఇంకోటి. పట్టీ లేచేది గమ్ తక్కువై కాదు. అక్కడ ఉన్న జాగా కంటె పట్టీ వెడల్పు ఎక్కువ ఉంది కాబట్టి లేస్తది. ఈ వీడియో ఎక్కువ భాగం ఈ ఒక్క ముచ్చట మీదనే.

[బల్ల మీద పొడుగు చారల పుచ్చకాయ]

పొడుగు పుచ్చకాయను నిలువుగ రెండు చెక్కలు చేసి ఒకటి బోర్లించుండ్రి. అచ్చం ఓడ పొట్టనే. ఇప్పుడు చారలు చూడుండ్రి. నడుమ వెడల్పు, తొడిమె కాడికి వచ్చేసరికి సన్నం. చారల లెక్క మాత్రం మారదు. నడుమ పది ఉంటె తొడిమె కాడ గూడ పదే.

ఇప్పుడు దీని మీద ఒకటే వెడల్పు టేపు ముక్కలు అతికియ్యుండ్రి. నడుమ పక్కపక్కన ముద్దుగ కూసుంటయి. తొడిమె కాడికి పోయేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. కిట్ పెట్టెల వచ్చే పట్టీ గూడ ఈ టేపు లెక్కనే, ఈ కొసకు 5 మిల్లీమీటర్లు, ఆ కొసకు 5 మిల్లీమీటర్లు. దాన్ని చార లెక్క చెక్కుకోవాల్సింది మనం. కిట్‌తోని వచ్చే కాయితంల ఈ పని గురించి ఒక్క వాక్యం ఉంటె గొప్ప.

"చెక్కుడెందుకు, పక్కకు వంచితె పోదా?" అంటరు. పోదు. మామూలుగ రెండు పొరలల్ల మొదటి పొర పట్టీ 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు. మందం దిక్కు వంచినంత సులువుగ వెడల్పు దిక్కు వంగదు. లెక్కేస్తె 11 రెట్లు ఎక్కువ బలం కావాలె. ఐదును ఒకటిన్నరతోని భాగించి, వర్గం చేస్తె వచ్చేది అదే. అంత బలం పెడితె పట్టీ వంగదు, మెలికె తిరిగి ఒక అంచు లేస్తది. మీరు చూసింది అదే.

సరే, కొలతలకు పోదాం. కీల్‌కు, అంటె ఓడ వెన్నెముక పలకకు, బల్క్‌హెడ్‌లు 90 డిగ్రీలల్ల అతికించి ఎండబెట్టిర్రు అనుకుందాం. పట్టీ చేతుల పట్టేముందు రెండు పనులున్నయి.

ఒకటి, ఫెయిరింగ్. ముక్కు కాడి బల్క్‌హెడ్‌ల అంచులు ఏటవాలుగ గీకాలె. పొడుగు చెక్కకు 120 నంబరు సాండ్‌పేపర్ అతికించి, ఒకేసారి మూడు నాలుగు బల్క్‌హెడ్‌ల మీద నడిచేటట్టు రుద్దుండ్రి. ఒక్కో బల్క్‌హెడ్‌ను విడిగ రుద్దితె గుంతలు పడతయి. విడి పట్టీ ఒకటి అడ్డంగ ఆనించి చూస్తె ప్రతి బల్క్‌హెడ్‌కు పూర్తి అంచు తగలాలె. మూలకు మాత్రమే తగిలితె ఇంక పని ఉన్నట్టు.

ముక్కు కాడ మొదటి రెండు బల్క్‌హెడ్‌ల నడుమ ఖాళీ ఉంటది కదా, అక్కడ చెక్క దిమ్మె నింపుకుంటె పట్టీకి ఆసరా దొరుకుతది. అందరు బాల్సా అంటరు. మనకెందుకు బాల్సా? నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క మన దగ్గరిదే. తేలిక, మెత్తన, కత్తికి వెన్న లెక్క తెగుతది. గమ్ బాగ పీలుస్తది కాబట్టి ముందు ఒక పూత పూసి ఆరినంక, రెండో పూతతోని అతికియ్యుండ్రి.

రెండోది వెనక దిక్కు, కీల్ పలక సన్నం చేసుడు. దీన్ని ఎగ్గొట్టెటోళ్లే ఎక్కువ. లెక్క ఇట్ల ఉంటది: వెనక స్టర్న్‌పోస్ట్ (చుక్కాని ఆనే నిలువు దిమ్మె) మందం 5 మి.మీ. పట్టీలు రెండు పొరలు, 1.5 ఒకటి, 0.5 ఒకటి, కలిపి 2. రెండు పక్కల కలిపి 4. అంటె నడుమ కీల్ ప్లైవుడ్‌కు మిగిలేది 1 మి.మీ. అక్కడ ప్లైవుడ్‌ను గంత సన్నం చెయ్యాలె. చెయ్యకపోతె స్టర్న్‌పోస్ట్ కంటె పట్టీలే లావుగ బయటికి పొడుచుకొస్తయి, చుక్కాని పెట్టినప్పుడు ఎడ్డెగ కనపడతది.

ఇప్పుడు అసలు కొలత. పేపర్ అంచు నుంచి సన్న ముక్క కత్తిరించి, నడిమి బల్క్‌హెడ్‌కు వేల్ (ఓడ పక్కన పొడుగునా ఉండే మందం పలక) కింది నుంచి కీల్ దాక చుట్టుండ్రి, పెన్సిల్ గీత పెట్టుండ్రి, విప్పి స్కేలు మీద పరవుండ్రి.

[స్క్రీన్ మీద లెక్క]

నడుమ 100 మి.మీ. వచ్చింది అనుకోండ్రి. పట్టీ 5. అంటె 20 పట్టీలు. పుచ్చకాయకు 20 చారలు, గుర్తుపెట్టుకోండ్రి, ఈ 20 ఇగ మారదు.

ముక్కు కాడి బల్క్‌హెడ్ కొలిస్తె 62 వచ్చింది. 62ను 20 పెట్టి భాగిస్తె 3.1. అక్కడ ప్రతి పట్టీ 3.1 మి.మీ. ఉండాలె. 5 పెట్టి కుక్కుతె ఏమైతది? 20 ఐదులు 100. ఉన్న జాగా 62. మిగిలిన 38 మి.మీ. ఎక్కడికి పోతది? పైకి లేస్తది. ఫెవిక్విక్ ఏం చేస్తది పాపం!

ఇక్కడ ఒక హద్దు ఉంది. పట్టీని సగం కంటె సన్నం చెయ్యొద్దు. 5 అయితె 2.5 కంటె కిందికి పోవద్దు, కొస సూది లెక్క అయితె గమ్ నిలవదు, అసలు ఓడల మేకు కొట్టనీకె గూడ జాగా ఉండదు. 62 కాకుండ 45 వస్తె? ఒక్కోటి 2.25, హద్దు దాటింది. అప్పుడు రెండు పట్టీలను కొంచెం వెనక ఆపి, వాటి ముందు ఒకే పట్టీ నడిపియ్యాలె. దాన్ని డ్రాప్ ప్లాంక్ అంటరు. పుచ్చకాయకు ఈ తిప్పలు లేదు, దాని చారలు ఎంత సన్నమైనా పోతయి.

వెనక దిక్కు పుచ్చకాయ మనకు సాయం చెయ్యదు. ఓడ వెనక కింది భాగం సన్నగ పైకి లేస్తది, అక్కడ చుట్టుకొలత నడుమ కంటె ఎక్కువ రావొచ్చు. 115 వచ్చింది అనుకోండ్రి. 20 పట్టీలు 100 కప్పుతయి. 15 మి.మీ. ఖాళీ. దాన్ని మూడు ముక్కలు నింపుతయి, ముందు కొస సన్నగ, వెనక కొస 5 మి.మీ. వెడల్పు. వాటి పేరు స్టీలర్. స్టీలర్ పడుడు తప్పు కాదు, అసలు ఓడలల్ల గూడ ఉంటయి. పట్టీని వెడల్పుగ సాగదీస్తమా, లేదు కదా.

20 పట్టీల మీద ఒకేసారి కొట్లాడకుండ్రి. వేల్ నుంచి కీల్ దాక నాలుగు వాటాలు చెయ్యుండ్రి, వాటాకు ఐదు పట్టీలు. నడుమ వాటా 25 మి.మీ., ముక్కు కాడ 15.5. ప్రతి బల్క్‌హెడ్ మీద ఈ గుర్తులు పెట్టి, నల్ల దారం ముక్కు నుంచి వెనక దాక గుర్తుల మీంచి లాగుండ్రి. ఇప్పుడు మూడు అడుగులు వెనకకు జరిగి చూడుండ్రి. దారం సాఫీగ పోతె సరే, ఎక్కడన్న ఎగిరినట్టు కనపడితె లెక్కను పక్కన పెట్టి కంటిని నమ్మి దారం జరపండ్రి. ఒక్కో వాటా నిండినంక మళ్ల కొలవుండ్రి. ముందు పెట్టిన ఐదుట్ల వచ్చిన పావు మిల్లీమీటరు తేడా అక్కడే సర్దుకుంటది.

పట్టీ చెక్కుడు: రెండు పట్టీలు జంటగ క్లిప్పు పెట్టుండ్రి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ప్రతి బల్క్‌హెడ్ కాడ వెడల్పు గుర్తు పెట్టి, స్టీల్ స్కేలు ఆనించి కొత్త బ్లేడుతోని కొయ్యుండ్రి. గీత మీద కాదు, గీతకు వెంట్రుకవాసి బయట. మిగిలింది చిన్న రందాతోనో సాండ్‌పేపర్ చెక్కతోనో తీస్తె సరిపోతది. కింది పట్టీకి ఆనే లోపలి అంచును కొద్దిగ ఏటవాలు చేస్తె, పొట్ట తిరిగే మలుపు కాడ బయట సందు కనపడదు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, మార్చి మార్చి పెట్టుండ్రి. ఒక పక్కే పది పెడితె కీల్ ఆ దిక్కు గుంజుకుపోతది, మళ్ల అది తిన్నగ కాదు.

ఇంకో ముఖ్యమైన పట్టీ, గార్బోర్డ్. కీల్‌కు ఆనుకుని ఉండేది. దాని కొసను ముక్కు పైకి పాకనియ్యొద్దు. అది పైకి పోతె దాని పైనున్నవన్ని పైకే పోతయి, ఆఖరికి అన్ని ముక్కు కాడ కొక్కెం లెక్క వంకరపోతయి. మొదటి బల్క్‌హెడ్ కాడికే దాన్ని ఆపేస్తె మేలు.

ఇగ నానబెట్టుడు. నేను వద్దంటలేను, మందం దిక్కు వంపుకు అది కావాలె. కని వంచేది నీళ్లు కాదు, వేడి. తడిసిన చెక్కల నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడతది, చల్లారినంక ఆ వంపులనే బిగుసుకుంటది. లైమ్‌వుడ్ అనే మెత్తని చెక్క పట్టీ వేడి నీళ్లల్ల 15, 20 నిమిషాలు చాలు. ఇస్త్రీ పెట్టెతోనో హీట్ గన్‌తోనో వంచి, ఓడ పొట్ట మీద క్లిప్పులతోని పెట్టి రాత్రంత ఆరనియ్యుండ్రి. గమ్ పొద్దున. తడి పట్టీకి గమ్ పెడితె ఏమైతదో చెప్తా: తడిసినప్పుడు చెక్క వెడల్పుకు ఉబ్బుతది. ఒక్కో పట్టీ 0.1 మి.మీ. ఉబ్బినా, 20 పట్టీలకు 2 మి.మీ. ఆరినంక ఆ 2 మి.మీ. సందులై కనపడతయి. మన వరంగల్‌ల ఇది ఇంక ఎక్కువ. మే నెల ఎండల కూలర్ ముందట కూసుని కట్టేటోళ్లు జర ఆలోచించుండ్రి, కూలర్ గాలి తడి గాలి. కూలర్ బంద్ చేసి, ఆ రూముల పొడి వేడి గాలి తిరిగిందంటె సందులు తెరుసుకుంటయి. పట్టీలను కట్టే రూములనే రెండు మూడు రోజులు ఉంచి మొదలుపెట్టుండ్రి.

చిన్న పట్టకారు లెక్క ఉండే ప్లాంక్ క్రింపర్ ఒకటి అమ్ముతరు, లోపలి దిక్కు గాట్లు పెట్టి వంచేది. రంగు వేసే మొదటి పొరకైతె ఓకే. పైన కనపడే రెండో పొర వాల్‌నట్ చెక్కకు పెడితె ముక్కలైతది.

అసలు టేకే వాడొచ్చు కదా, ఆదిలాబాద్ టేకు ఉన్న దేశంల వాల్‌నట్ ఎందుకు అనే వాదన ఒకటి. నిజం ఓడకు టేకును మించింది లేదు. కని టేకు చెక్కల 0.3 మి.మీ. రంధ్రాలుంటయి. 1:64 స్కేల్‌ల, అంటె అసలు ఓడ 64 రెట్లు పెద్దది కాబట్టి, అది 2 సెంటీమీటర్ల బొక్క. అట్లనే వెడల్పు: అసలు ఓడ పలక 12 అంగుళాలు అనుకుంటె 1:64ల 4.8 మి.మీ., అందుకే 5 మి.మీ. పట్టీ సరిపోతది. 1:100 కిట్‌ల కూడ 5 మి.మీ. ఇస్తె, అది అసలు ఓడ మీద అర మీటరు పలక అయితది. అటువంటి కిట్ చూస్తె నాకు నవ్వొస్తది.

[టైమర్ 12 నిమిషాలు]

టైం అయిపోతుంది, ఫినిషింగ్ గబగబ చెప్తా. సందులు నింపనీకె గోడల లప్పం వాడకుండ్రి, రంధ్రాలల్ల తెల్లగ కూసుంటది. అదే పట్టీల సాండింగ్ దుమ్మును లక్క పాలిష్‌ల కలిపి నింపుండ్రి. ఫెవికాల్‌ల దుమ్ము కలిపితె అతుకుతది గని అది పాలిష్ తాగదు, అక్కడ పాలిపోయిన మచ్చ పడతది. సాండ్‌పేపర్ 120, 180, 240 పోయి, 320 కాడ ఆపుండ్రి. రుద్దినంక టర్పెంటైన్ తడిపిన గుడ్డతోని తుడుసుండ్రి. ఎక్కడ ఫెవికాల్, ఫెవిక్విక్ మరకలున్నయో అప్పుడే కనపడతయి. పాలిష్ వేసినంక చూసి ఏడ్చుడు కంటె ముందే గీకుడు మేలు.

లక్క రేకులు 12 గ్రాములు, 100 మి.లీ. స్పిరిట్. ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, మూడు పలుచని పూతలు. వానాకాలం ముసురు రోజు వెయ్యొద్దు, గాలి తడికి తెల్లగ పొగ లెక్క పడతది. పైన మ్యాట్ లేదా సాటిన్ పాలీయురేథేన్ ఒక పూత. గ్లాస్ మెరుపు వేసిర్రంటె ఓడ కాస్త అంగడి బొమ్మయితది. 1780ల తర్వాతి బ్రిటిష్ యుద్ధనౌక కడుతుంటె నీటి గీత కింద రాగిరేకులు వస్తయి కాబట్టి స్టీలర్‌లు ఎట్ల కుదిరినయో అనే బాధే ఉండదు. కని పట్టీ అంచు లేచి ఉంటె రాగిరేకు గూడ లేస్తది.

మాస్ట్‌లకు, అంటె తెరచాప కొయ్యలకు, పైకి పోయిన కొద్ది సన్నం చేసుడు ఉంటది. ముందు నలుపలక, తర్వాత ఎనిమిది పలకలు, ఆఖరికి గుండ్రం. నేరుగ గుండ్రం రుద్దితె నడుము వస్తది.

తాళ్లు రెండు రకాలు. మాస్ట్‌లను నిలబెట్టేవి తారు పూసినట్టు ముదురు రంగు, తెరచాపలను ఆడించేవి లేత రంగు. అన్నిటికి ముందు తేనె మైనం పట్టించుండ్రి, లేకపోతె నూగు లేస్తది. ముందు ష్రౌడ్‌లు (మాస్ట్‌ను పక్కలకు కట్టే తాళ్లు), కుడి పక్క ముందు జంటతోని మొదలు, తర్వాత ఎడమ. గట్టిగ గుంజితె మాస్ట్ వెనకకు వంగుతది, దాన్ని తిన్నగ చెయ్యనీకె ముందు స్టే (మాస్ట్‌ను ముందుకు కట్టే తాడు) బిగిస్తె ష్రౌడ్‌లు సడలుతయి. ర్యాట్‌లైన్‌లు (ష్రౌడ్‌ల మీద మెట్ల లెక్క అడ్డం కట్టే తాళ్లు) 1:64ల 5.5 నుంచి 6 మి.మీ. దూరంల, క్లోవ్ హిచ్ ముడితోని. ష్రౌడ్‌ల వెనక గీతల కాయితం పెట్టుకుంటె కొలత తప్పదు.

ఇక షో కేస్. గాజుదైనా, యాక్రిలిక్‌దైనా పూర్తిగ మూసెయ్యకుండ్రి. కింద చెక్కకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, దుమ్ము పోకుండ సన్న జాలీ అతికియ్యుండ్రి. లోపల గాలి ఆగితె చెక్క, గమ్, పెయింట్ నుంచి వచ్చే ఆవిరి అక్కడనే తిరుగుతది, సీసం ముక్కలుంటె తెల్ల బూజు లెక్క పడతది.