కైరానాలో కూరగాయల గుత్త

శ్రోతలకు నమస్కారం. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదన్న సంగతి సందు చివర దుకాణం పెట్టుకున్నవారికి సైతం తెలుసు. కానీ ఆ లైసెన్సును నిరాకరించే అధికారం పురపాలక సంఘానికి ఎంతవరకు ఉందన్నది అంతగా తెలియదు. సర్వోన్నత న్యాయస్థానం 1950 మే నెలలో, అంటే రాజ్యాంగం అమలులోకి వచ్చి నిండా నాలుగు నెలలైనా కాకముందే, ఒక కూరగాయల వ్యాపారి కేసులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఉన్న కొద్ది సమయంలో ఆ ఒక్క కేసునే వివరంగా చెబుతాను.

ఊరి పేరు కైరానా. అప్పట్లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఉండేది. హిందుస్తానీ సంగీతం వినే శ్రోతలకు కిరానా ఘరానా అనే గాన సంప్రదాయం పరిచయమే కదా, ఆ పేరు ఈ ఊరి నుంచి వచ్చినదే. అక్కడ రషీద్ అహ్మద్ అనే ఆయన కూరగాయలు, పండ్ల టోకు వ్యాపారం చేసుకునేవారు. పురపాలక సంఘం కొత్తగా ఉపనిబంధనలు చేసింది. సంఘం అనుమతి లేనిదే ఎవరూ టోకు మండీ పెట్టరాదు, సంఘం చూపిన చోట తప్ప మరెక్కడా అమ్మరాదు. ఇంతవరకు వింటే ఊరి శుభ్రత కోసమో, రద్దీ తగ్గించడం కోసమో చేసిన ఏర్పాటులాగే తోస్తుంది. అయితే ఊళ్లోని టోకు వ్యాపారం మొత్తాన్ని సంఘం ఒకే మనిషికి గుత్తకు ఇచ్చింది. రషీద్ అహ్మద్ లైసెన్సు అడిగితే లేదన్నది, వ్యాపారం మానకపోతే ఆయనపైనే కేసు పెట్టింది.

ఆయన ప్రాథమిక హక్కుల రక్షణకు దారి చూపే, రాజ్యాంగంలోని 32వ అధికరణ కింద నేరుగా సర్వోన్నత న్యాయస్థానం తలుపు తట్టారు. ఆ తీర్పు చాలా చిన్నది, నాకు నచ్చడానికి అదీ ఒక కారణం. న్యాయమూర్తులు ఉపనిబంధనలను చదివి చూస్తే, అనుమతి లేనిదే అమ్మరాదని ఉంది కానీ, ఆ అనుమతిని ఇచ్చే నిబంధన ఎక్కడా లేదు. అనుమతి లేనిదే అమ్మరాదు, అనుమతి ఇచ్చే దారి లేదు! పైగా గుత్త ఒకరికి రాసిచ్చాక, మరొకరికి లైసెన్సు ఇవ్వాలనుకున్నా సంఘం చేతులు కట్టుబడిపోయాయి. కాబట్టి ఇది నియంత్రణ కాదు, సంపూర్ణ నిషేధమనీ, 19వ అధికరణ ఇచ్చిన వ్యాపార స్వేచ్ఛపై సహేతుకమైన పరిమితి కాజాలదనీ కోర్టు తేల్చింది. చట్టప్రకారం ఇకముందు చేసే ఉపనిబంధనల మేరకు తప్ప ఆయన వ్యాపారాన్ని అడ్డుకోవద్దని, పెట్టిన కేసును ఉపసంహరించుకోవాలని ఆదేశించింది.

అదే జిల్లాలోని జలాలాబాద్ నుంచి 1952లో మరో కూరగాయల కేసు వచ్చింది. స్థానిక సంఘానికి చెందిన స్థలాన్ని వాడుకున్నందుకు తప్ప రుసుము వసూలు చేసే అధికారం ఆ సంఘానికి చట్టం ఇవ్వనప్పుడు, ఆ రుసుము కట్టనిదే టోకున అమ్మరాదనడం చెల్లదని కోర్టు చెప్పింది. మన సంతల్లో ఆశీలు పాడుకున్న గుత్తేదారులు ఈ మాటను ఒకసారి వింటే బాగుండునని నాకు అనిపిస్తూ ఉంటుంది.

వీధి దీపాలు, మురుగు కాలువలు, నిప్పు ప్రమాదాలు చూసుకోవలసిన పురపాలక సంఘానికి లైసెన్సు షరతులు విధించే అధికారం ఉండవలసిందే, అందులో నాకు సందేహం లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. మీరు లైసెన్సు కోసం దరఖాస్తు చేసినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోండి. "కుదరదు" అని నోటిమాటగా చెబితే, ఏ సెక్షన్ కింద, ఏ కారణం చేత కుదరదో రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. అప్పీలుకు వెళ్లినా, హైకోర్టుకు వెళ్లినా మొదట చూసేది ఆ కాగితాన్నే. జవాబు ఇవ్వకపోతే అదే మాట రాసి, మొదటి దరఖాస్తు రసీదు నకలు జతచేసి, కమిషనరు పేర రిజిస్టరు పోస్టులో పంపండి.